రిలీవర్ వచ్చేదాకా

ఈ మధ్య మా ఊళ్లోనే ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు పిలిచి, ఆఖరి ఏడాది పిల్లలకు ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పోర్టులో ఓడలెక్కి పనిచేసే ఆడమనిషి కదా, వింతగా ఉంటుందనుకున్నారేమో. శాలువా కప్పారు, చేతిలో ఒక గాజు బొమ్మ పెట్టారు. చివర్లో వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, ప్రమోషన్ రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. "కష్టపడి పనిచెయ్యాలమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆటోలో ఇంటికొస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఎంత అబద్ధం! కష్టపడి పనిచేస్తే వచ్చేది ప్రమోషన్ కాదు, ఇంకాస్త పని. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? అయినా మైకు చేతికిస్తే చాలు, నోరు దానంతట అదే అలాంటి మాటలు పలుకుతుంది. ఆ పిల్లకు నిజంగా చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. చదివితే చదువుతుంది, లేకపోతే లేదు.

ముందు మా నాన్న ఉద్యోగం గురించి చెప్పాలి. అక్కడినుంచే నా తిప్పలన్నీ మొదలయ్యాయి.

నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. ఎలమంచిలి దగ్గర పల్లెలో పొలం అన్నదమ్ములకు వదిలేసి వచ్చి ఆ ఉద్యోగంలో చేరాడు. షెడ్డు కప్పుకు దగ్గరగా, అంత ఎత్తున, ఒక చిన్న గది. అందులో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన పెద్ద గంగాళాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయించాలి. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. షిఫ్టు అయిపోయినంత మాత్రాన దిగి వచ్చెయ్యడానికి లేదు. తర్వాతి షిఫ్టు మనిషి మెట్లెక్కి పైకి రావాలి, ఏది ఎక్కడుందో, ఏ తాడు ఎలా ఉందో నోటితో చెప్పించుకోవాలి, సీట్లో కూర్చోవాలి. అప్పుడే ముందువాడు దిగాలి. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు కూడా నువ్వే. దాన్ని డబల్ అంటారు.

మా క్వార్టర్స్‌లో రిలీవర్ అనే మాట వినపడని రోజు లేదు. నాన్నకు పొద్దున షిఫ్టయితే మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఉండాలి. మూడు దాటిందంటే అమ్మ గుమ్మంలోకి వచ్చేది. డ్యూటీ దిగి వచ్చే వాళ్లలో ఎవరో ఒకరు స్కూటర్ ఆపకుండానే అరిచేవారు.

"అక్కా, బావకి రిలీవర్ రాలేదు. డబలే!"

అమ్మ లోపలికెళ్లి అన్నం గిన్నె మీద మూత పెట్టేది. తను మాత్రం తినేది కాదు. ఆయన ఆకలితో పైన కూర్చుంటే నాకు ముద్ద ఎలా దిగుతుందనేది. టీ తాగి ఊరుకునేది. ఆ రోజంతా రిలీవర్‌ను తిట్టేది. ఆయన పక్క వీధిలోనే ఉండేవాడు, పాపం. నా చిన్నప్పుడు నేను చూసిన మనుషులందరిలో దుర్మార్గుడు ఆయనే అనుకునేదాన్ని.

నా నిశ్చితార్థం రోజు కూడా నాన్న డబల్ పడి, పెళ్లివారు టీ తాగి కప్పులు కింద పెట్టేసరికి ఆ నీలం యూనిఫాంలోనే వచ్చాడు. వేరే ఊళ్లో అయితే పెద్ద గొడవయ్యేది. మా మామగారు మాత్రం, "డ్యూటీ అంటే అలగుండాల" అని లేచి నిలబడి చెయ్యి కలిపాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ప్లాంటు పిల్లలందరం అలాగే పెరిగాం. సీటు వదలకపోవడమే గొప్ప, వదిలినవాడు మనిషే కాడు.

ఆ బుర్రతోనే నేను ఉద్యోగంలో చేరాను.

మాది పోర్టు దగ్గర, పాత ఊళ్లో, ఓడలకు ఏజెంటుగా పనిచేసే ఒక చిన్న ప్రైవేటు ఆఫీసు. ఓడ ఒకటి వస్తోందంటే దాని సరుకు వివరాలు, సిబ్బంది వివరాలు, పోర్టుకూ కస్టమ్స్‌కూ ఇవ్వాల్సిన కాగితాలు, అన్నీ తయారు చెయ్యాలి. అది నా సీటు. ఆ కాగితాలు పట్టుకుని, ఓడ ఒడ్డుకు కట్టగానే పైకెక్కి, కెప్టెన్‌ను కలిసి, అధికారుల పని దగ్గరుండి చేయించే మనిషిని బోర్డింగ్ ఆఫీసర్ అంటారు. మా ఆఫీసులో పైకెళ్లే దారి అదొక్కటే. ఓడ ఎక్కినవాళ్లే తర్వాత ఆపరేషన్స్ చూస్తారు, ఆపైన మేనేజర్లవుతారు. కాగితాల సీట్లో ఉన్నవాళ్లు రిటైరయ్యేదాకా కాగితాల సీట్లోనే ఉంటారు.

నాకు ఓడ ఎక్కాలని ఉండేది. దారి అదని మాత్రమే కాదు. ఏళ్ల తరబడి ఓడల పేర్లు టైపు చేశాను. ఏ ఓడ పొడవెంతో, ఏ దేశపు జెండాతో తిరుగుతుందో, అందులో వంటవాడి పుట్టినూరేదో కూడా నాకు తెలుసు. ఒక్క ఓడను దగ్గర్నుంచి చూసింది లేదు. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని నడిచి వస్తుంటే దూరంగా పోర్టు క్రేన్లు కనిపించేవి, అంతే.

మా మేనేజర్ గోదావరి జిల్లా మనిషి. ఎవరినైనా మర్యాదగా 'అండి' అనే పిలుస్తాడు, ఆ మర్యాదతోనే మనిషిని కదలకుండా చేస్తాడు. మొదటిసారి బోర్డింగ్ పోస్టు ఖాళీ అయినప్పుడు వెళ్లి అడిగాను.

"ఎంత మాటండీ! మీకివ్వక ఎవరికిస్తాం? కాకపోతే ఒక్కటే ఆలోచించండి. మీరు లేస్తే ఈ సీటు ఎవరు చూస్తారండీ? మీరు లేకపోతే ఈ ఆఫీసు ఏవైపోద్దండీ?"

నేను కూడా ఆలోచించాను. నిజమే, ఎవరు చూస్తారు? రిలీవర్ లేడు కదా. తల ఊపి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు కష్టంగా కూడా అనిపించలేదు, అదీ తమాషా. నేను లేకపోతే ఆఫీసు నడవదట అని ఇంటికొచ్చి మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన అటు ఆయిల్ ట్యాంకుల టెర్మినల్లో షిఫ్టు డ్యూటీ. "మరి జీతం ఏటైనా పెంచుతాడేటి?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. అన్నింటికీ జీతమేనా అన్నాను.

రెండోసారి ఖాళీ వచ్చినప్పుడు, నా తర్వాత చేరినతనికి ఇచ్చారు. నేను పని నేర్పినవాడే. మంచివాడే, నాకేమీ పగ లేదు. స్వీటు డబ్బా పట్టుకొచ్చి ముందుగా నాకే పెట్టాడు.

"అక్కా, నువ్వున్నావనే నాకు ధైర్యం. ఓడ మీదనుంచి ఫోన్ సేత్తే నువ్వు సీట్లో ఉండాల. నువ్వు లేకపోతే నా పనవ్వదు."

మళ్లీ అదే మాట!  కోవా నవ్వుతూనే తిన్నాను. అప్పటినుంచి ఓడ వచ్చినప్పుడల్లా అతను పైనుంచి ఫోన్ చెయ్యడం, నేను కింద సమాధానాలు చెప్పడం. అతని జీతం పెరిగింది, బండి మారింది. నా కుర్చీకి మాత్రం కొత్త మెత్త వేయించారు.

ఉద్యోగం మారమని చెప్పేవాళ్లకు మా చుట్టాల్లో కొదవ లేదు. చిన్నాన్న బ్యాంకు పరీక్షలు రాయమన్నాడు, అప్పటికే నాకు వయసు దాటిపోయిందని తెలీకుండా. మా అత్త టీచర్ ఉద్యోగమైతే మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చెయ్యొచ్చంది. అందరూ వేరే సీటు చూపించినవాళ్లే. ఈ సీట్లోంచి ఎలా లేవాలో చెప్పినవాళ్లు లేరు.

ఈ ఏడాది మళ్లీ ఖాళీ వచ్చింది. ఉన్నవాళ్లలో పెద్దాయన రిటైరవుతున్నాడు. ఇది పోతే ఇక నాకు రాదు, ఆ సంగతి నాకు తెలుసు. నలభై దాటాక కొత్తగా ఓడ మెట్లెక్కించేవాళ్లు ఎవరుంటారు? వెళ్లి అడిగాను. మేనేజర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ సీటు ఎవరు చూస్తారండీ..." అని మొదలుపెట్టాడు.

బయటికొచ్చేశాను. బాత్రూంలోకెళ్లి ట్యాప్ తిప్పి ఏడ్చాను. సిగ్గేముంది చెప్పుకోవడానికి, బాగా ఏడ్చాను.

ఆ ఆదివారం అమ్మావాళ్లింటికి వెళ్లాను. నాన్న రిటైరయ్యాక గాజువాకలో ఇల్లు కట్టుకున్నారు. నాన్న వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. అమ్మ పక్కనే పంపు దగ్గర కత్తిపీట వేసుకుని చేపలు బాగుచేస్తోంది. నా ముఖం చూసి నాన్న పేపరు మడిచాడు.

"ఏటే గుంటా, అలగున్నావు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. చివర్లో, "రిలీవర్ రాకుండా సీటు దిగకూడదని నువ్వే కదా నాన్నా సెప్పినావు. నాకు రిలీవరే లేడు. ఎలా దిగను?" అన్నాను. పుట్టింట్లో అడుగుపెడితే నా మాట కూడా అలాగే మారిపోతుంది.

నాన్న నా వైపు వింతగా చూశాడు.

"సెప్పినాను. అయితే ఏటి? రిలీవరు రాకపోతే నాను దిగను, నిజిమే. గానీ రిలీవర్ని ఎతికీవోణ్ణి నానేటి? అది షిఫ్టు ఇంచార్జి పని. ఆడు ఫోన్లు సేసీవోడు, ఆడు పరిగెట్టీవోడు, ఎవుడో ఒకడ్ని లాక్కొచ్చి ఎక్కించీవోడు. దొరక్కపోతే ఆడికి పైనుంచి అక్షింతలు పడీవి. నాను డబల్ సేత్తే దానికి ఓటీ డబ్బులు ఇచ్చీవోరు. మీ ఆఫీసరు నీకు ఎవుణ్ని ఎతికినాడు? ఏటిచ్చినాడు?"

"ఏమీ లేదు. మీరు లేకపోతే నడవదండీ అంటాడు."

"మరి అదేటి రూలే? సగం రూలు పట్టుకుని కూకున్నావేటి ఇన్నాళ్లూ!"

 సగం రూలే! ఇంట్లో పిల్లలకు కనిపించేది ఆ సగమే కదా. నాన్న రాకపోవడం కనిపించింది, అమ్మ ఎదురుచూడడం కనిపించింది. అక్కడ రిలీవర్ కోసం ఇంచార్జి చొక్కా తడిసేలా పరిగెట్టడం మాకెవరు చూపించారు? ఆ సగాన్ని నెత్తిన పెట్టుకుని, మా ఇంచార్జి చెయ్యాల్సిన పనికి నేను కుమిలిపోతున్నాను.

నాన్న అంతటితో ఆపి ఉంటే బాగుండేది. హుషారెక్కి ముందుకు వెళ్లాడు.

"ఆ మాటుంది సూసినావూ, నువ్వు లేకపోతే అవ్వదని... నాకూ అనీవోరే. మా తియ్యగుంటాది. ఒక్కోపాలి రిలీవరు వచ్చీవోడు కూడానూ. కిందన నిలబడి ఉండీవోడు. ఇంచార్జి వచ్చి, ఇయ్యాల పని గట్టిగుంది బావా, నీ సెయ్యయితేనే నమ్మకం అనీవోడు. ఇంకేటుంది! ఆణ్ణి ఇంటికి పంపించీసి నానే ఉండిపోయీవోణ్ని."

కత్తిపీట మీద చప్పుడు ఆగిపోయింది.

"ఏటన్నావు?" అంది అమ్మ.

నాన్నకు అప్పుడు అర్థమైంది ఏం నోరు జారాడో.

"ఎప్పుడో ఒకపాలి..."

"రిలీవరు వచ్చినా ఉండిపోయీవోడివా? నాను ఇక్కడ అన్నం ముందర కూకుని సచ్చీదాన్ని కదా! రిలీవరు రాలేదు, రిలీవరు రాలేదని ఆ మడిసిని తిట్టని తిట్టు నేదు. ఆడి పెళ్లాం ఎదురైతే మొగం తిప్పీసుకునీదాన్ని! అది ఒకపాలి ఏటమ్మా మాటాడవు అనడిగితే, మీ ఆయన్నే అడుగమ్మా అనీసినాను. ఓలమ్మో, ఓలమ్మో!"

"మరి ఓటీ కూడా వచ్చీది కదే..." అన్నాడు నాన్న నీరసంగా.

"ఓటీ గురించి నువ్వు సెప్పలేదు ఇప్పుడు. తియ్యగుంటాదని సెప్పినావు." అమ్మ చేప పక్కన పెట్టి లేచి నిలబడింది. "గుంట నిశ్చితార్థం రోజు?"

"ఆ రోజు నిజింగానే రాలేదు. ఒట్టు."

అమ్మ నమ్మిందో లేదో తెలీదు. నేను నమ్మానో లేదో కూడా ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు పులుసులో ఉప్పు పడలేదు. నాన్న అదే తిని, కంచం తనే తీసుకెళ్లి కడుక్కున్నాడు. ఆయన కంచం కడగడం నేను చూడడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూనే మేనేజర్ గదిలోకి నడిచాను. కూర్చోమనకముందే కూర్చున్నాను.

"సర్, నా సీట్లోకి మనిషిని వెయ్యడం మీ పనండి, నాది కాదు. ఎవర్ని వేసినా పని నేను నేర్పుతాను. నెల రోజులు తీసుకోండి. ఆ తర్వాత నేను ఓడైనా ఎక్కుతాను, ఇంట్లోనైనా కూర్చుంటాను. ఈ సీట్లో మాత్రం ఉండను."

"బెదిరిస్తన్నారాండీ?"

"లేదండి. చెబుతున్నాను."

ఆయన కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. "అది కాదండీ. ఓడకు టైమేంటి చెప్పండి? మీవారిది షిఫ్టు. ఇంట్లో చిన్నపాప. ఎవరు చూస్తారండీ?" అన్నాడు, ఎంతో ప్రేమగా. అప్పటికి అన్ని సాకులూ అయిపోయి ఆయనకు మా పాప గుర్తొచ్చింది.

"ఇంట్లో సీటుకు ఇంచార్జిని నేనండి. అది నేను చూసుకుంటాను. ఈ సీటుకు ఇంచార్జి మీరు" అని లేచి వచ్చేశాను.

వారం పాటు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ వారం నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇల్లు గడవడానికి నా జీతం కూడా కావాలి. అంత మాట అనేసి ఉద్యోగం పోగొట్టుకుంటే మా ఆయన ముఖం ఎలా చూడాలి? ఆయన మాత్రం, "అన్నదేదో అన్నావు, ఇంక ఎనక్కి తగ్గకు" అన్నాడు. తర్వాతి సోమవారం బిల్లుల సెక్షన్ నుంచి ఒక అమ్మాయిని తెచ్చి నా పక్కన కుర్చీ వేశారు.  బోర్డింగ్ పోస్టు నాకేనని మేనేజర్ ఇచ్చిన సమాధానం ఆ కుర్చీయే.

ఆ అమ్మాయి చురుకైనది. నేర్పుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. నేనొక్కదాన్నే చెయ్యగలననుకున్న పనంతా ఆ పిల్ల నెల తిరక్కుండా పట్టేసింది. ఒకచోట నాకంటే తెలివిగా కూడా చేసింది. ఇన్నేళ్లూ నేను లేకపోతే నడవదని నన్ను కూర్చోబెట్టిన పని ఇంతేనా? సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. కాలేజీలో ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇదే. నువ్వు లేకపోతే అవ్వదు అని ఎవరైనా అన్నారంటే, నిన్ను మెచ్చుకుంటున్నారని వెంటనే పొంగిపోకు తల్లీ. ఎక్కడికీ పంపించం అని కూడా దానికి అర్థం.

ఇక ఇంట్లో సీటు. పాపది మూడో తరగతి. మా ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు ఉన్న రోజు ఓడ వస్తే ఇంట్లో ఎవరూ ఉండరు. అందులో నాకు దిగులే లేదు. అమ్మ ఉంది కదా. ఫోన్ చేసి, "ఓడ ఉన్న రోజు మధ్యాహ్నం నువ్వు మల్కాపురం మా ఇంటికి వచ్చీయాలమ్మా" అన్నాను. అడగడం కూడా కాదు, చెప్పాను.

"నాను రాను" అంది అమ్మ.

సరిగ్గా వినపడలేదేమోననుకుని మళ్లీ చెప్పాను.

"ఇనబడింది. నాను రాను. నీకు సేసినాను, నీ తమ్ముడికి సేసినాను, మీ నానమ్మ మంచాన పడితే సేసినాను. ఎవురైనా వచ్చి, నువ్వు దిగవే, నాను ఎక్కుతానన్నారా? నేదు. ఇంక నానే దిగీసినాను. రిలీవరు రాకపోయినా దిగీసినాను."

"అమ్మా, పాపకి ఎవరున్నారు మరి?"

"మీ నాన్న ఉన్నాడు కదా. పొద్దస్తమానం అదే పేపరు సదువుతన్నాడు. ఆ మడిసిని ఎక్కించు."

ఫోన్ పెట్టేశాక నాకు విపరీతమైన కోపం వచ్చింది. సొంత కూతురికి ఒక అవకాశం వస్తే ఇలా అంటుందా ఏ తల్లైనా? రెండు రోజులు ఫోన్ చెయ్యలేదు. మూడో రోజు కూర తరుగుతుంటే తట్టింది, అమ్మను నేను చూసిన చూపు మా మేనేజర్ నన్ను చూసిన చూపేనని. ఆ సీట్లో ఆవిడ ఉంటుందిలే, ఎక్కడికి పోతుందిలే అని. ఫోన్ చేసి నాన్నకివ్వమన్నాను.

మొదటి ఓడ బుధవారం వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు రమ్మంటే నాన్న పన్నెండున్నరకే వచ్చాడు. ప్లాంటుకు తీసుకెళ్లే పాత సంచీ భుజానికి ఉంది. నేను బూట్లు తొడుక్కుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"హేండోవరు ఇయ్యి."

"ఏం హేండోవరు నాన్నా? ఇల్లు నీకు తెలీదా?"

"తెలిసినా సెప్పాల. నువ్వు సెప్పి దిగితే ఆపైన నా పూచీ. సెప్పకుండా దిగితే నీ పూచీ."

చెప్పాను. గ్యాస్ కింద కట్టేసి ఉంది. పాప స్కూల్ ఆటో మూడున్నరకు వస్తుంది, వీధి మలుపులో ఆగుతుంది. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, కాచాలి. లెక్కల హోంవర్కు చేయించాలి, ఏడుస్తుంది, ఏడ్చినా చేయించాలి. పక్కింటావిడ దగ్గర ఇంకో తాళం ఉంది. నాన్న ఒక్కొక్కదానికీ తలూపి, చివరికి గ్యాస్ తనే వెళ్లి చూసుకుని వచ్చాడు.

"సరే. నువ్వు దిగు" అన్నాడు.

ఓడ గురించి ఎక్కువ రాయను. అది ఎక్కనివాళ్లకు చెప్పినా అర్థం కాదు, ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. హెల్మెట్ నాకు వదులై మాటిమాటికీ కళ్ల మీదికి జారింది. ఓడ కట్టే బెర్తు మీద బొగ్గు పొడి బూటు మునిగేలా ఉంది. ఓడ పక్కన వేలాడే అల్యూమినియం మెట్లు అడుగేస్తే ఊగుతున్నాయి, కింద సందులో నల్లటి నీళ్లు. గేటు దగ్గర ఒక అధికారి, "మీ బోర్డింగ్ ఆఫీసర్ ఎక్కడమ్మా?" అని నా వెనక్కి చూశాడు. "నేనేనండి" అన్నాను. ఆయన మళ్లీ ఒకసారి వెనక్కి చూశాడు. సగం మెట్లెక్కాక తలెత్తితే ఓడ పేరు కనిపించింది, మా ఇంటి గుమ్మమంత అక్షరాలతో. నేను ఎన్నోసార్లు టైపు చేసిన పేరే. ఆ మెట్ల మీదే నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. పైనుంచి ఓడవాడొకడు రమ్మని చెయ్యూపాడు.

సిబ్బంది పేర్లలో ఒకటి పాస్‌పోర్టుతో కలవక ఆలస్యమైంది. ఆరింటికల్లా ఇంట్లో ఉంటానన్నదాన్ని ఎనిమిది చేశాను. దారంతా టైము చూసుకుంటూనే ఉన్నాను. మా సందులోకి రాగానే మా గుమ్మంలో లైటు వెలుగుతోంది. నాన్న తలుపు పక్కనే కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. సోఫా ఉన్నా సోఫాలో కూర్చోలేదు. పాప నన్ను చూసి, "తాతా, రిలీవరొచ్చింది!" అని అరిచింది. మధ్యాహ్నమంతా ఏం చెప్పాడో మరి.

"పాలు కాసినాను, తాగింది. లెక్కలు అయినాయి, ఏడిసింది. గ్యాసు కట్టీసినాను" అని నాన్న లేచాడు. "లేటయినావు. ఇది డబలే."

"సారీ నాన్నా. అన్నం పెడతాను, తినేసి వెళ్లు."

"వద్దు. మీ అమ్మ కూకునుంటాది. నాను ఎళ్లకపోతే తినదు" అని సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర చెప్పుల కోసం వంగాడు.

నా ప్రాణం ఉసూరుమంది. నా డ్యూటీ వల్ల అమ్మ మళ్లీ గిన్నె మీద మూత పెట్టుకుని కూర్చుందా? గబగబా ఫోన్ చేశాను.

"అమ్మా, నాన్న ఇప్పుడే బయల్దేరుతున్నాడు. నా వల్లే ఆలస్యమైంది. నువ్వు ఎదురుచూడకు, ముందు తినీ."

"నానా? ఏడింటికే తినీసినాను" అంది అమ్మ. వెనకాల టీవీ మోగుతోంది. "గిన్నెలో ఉంది, వచ్చి పెట్టుకోమను. తిన్నాక కంచం కడిగీమను. ఓడ ఎక్కినావేటి?"

"ఎక్కానమ్మా."

"ఎలగుంది?"

"బాగుంది."

"ఊఁ. రేపు సెప్పు, ఇప్పుడు సీరియల్ వత్తంది" అని పెట్టేసింది.

నాన్న ఒక చెప్పు తొడుక్కుని నా వైపు చూస్తున్నాడు.

"ఏటంది?"

"తినేసిందట నాన్నా."

"నాను రాకుండానే?"

"ఊఁ. ఏడింటికే."

 నాన్న రెండో చెప్పు కూడా తొడుక్కుని, "సరేలే, మంచి పనే సేసింది" అని బస్సు కోసం బయల్దేరాడు.